పంతోనెన్ అబ్బాయిలు

"ముగ్గురు కాదు, నలుగురని తేలితే నేనేం చెయ్యను?" అంది నెస్టా.

అప్పటికింకా ఏమీ జరగలేదు. పొద్దున్న ఆరున్నర. పొయ్యి పక్కన అట్టపెట్టెలో తల్లి చచ్చిన గొర్రెపిల్ల ఒకటి ముడుచుకుని పడుకుంది. గొర్రెలు ఈనే రోజులు. మొగుడు ఇద్వల్ బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడి, టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"నలుగురైతే నాలుగు పూలగుత్తులు పట్టుకెళ్ళు," అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"నీకన్నీ వేళాకోళంగానే ఉంటాయి. ఆ పాత పుస్తకాల్లో ఇంకో మగపిల్లాడు బయటపడితే? ఆ కాగితం మన గెథిన్‌కి చూపించాలి కదా. అది చూసి వాడి గుండె ఆగిపోతే?"

"ముప్ఫై రెండేళ్ళు నీ మాటలు విని ఆగని గుండె కాగితం చూసి ఆగుతుందా. ఆ పిల్లకి పాలు పట్టి వెళ్ళు. గొడుగు మర్చిపోకు."

బయట వాన లేదు. అయినా గొడుగు తీసుకుంది. కీడెంచి మేలెంచమన్నారు. నెస్టా కీడెంచడం దగ్గరే ఆగిపోయిన మనిషి. మేలెంచడానికి ఆమెకి ఎప్పుడూ తీరిక దొరకలేదు.

ఆ ముగ్గురి సంగతి ఇది. లాన్‌హెడిన్ ఊళ్ళో చాపెల్ అనే చిన్న ప్రార్థనమందిరం వెనక గోడవారగా ఒక నల్ల పలకరాయి నిలబడి ఉంది. దాని మీద మూడు పేర్లు. ఈవాన్, పదిహేడేళ్ళు. థామస్, పంతొమ్మిది. డానియెల్, ఇరవై రెండు. ఏడేళ్ళలో ముగ్గురూ పోయారు. ఏం జబ్బు చేసిందో రాయలేదు. కింద మాత్రం 'పంతోనెన్ జాన్ డేవిస్ కుమారులు' అని చెక్కారు. పంతోనెన్ అంటే నెస్టా పుట్టి పెరిగిన పొలం. జాన్ డేవిస్ అంటే ఆమె తాత, అమ్మ తండ్రి పేరు. తండ్రి పేరే కొడుక్కి పెట్టుకునే ఊరు కాబట్టి, ఈ ముగ్గురూ తాతకి అన్నలని, ఆ రాతిమీది జాన్ తాతకి తండ్రని ఇంకెవరూ చెప్పనక్కర్లేకుండానే అనుకుంది.

ఈస్టరుకి ముందు వారం పూల ఆదివారం. ఆ రోజు ఊరివాళ్ళంతా తమవాళ్ళ సమాధులు కడిగి పూలు పెడతారు. నెస్టాకి ఆరేళ్ళప్పుడు అమ్మమ్మ లీసా చేతికి బ్రష్ ఇచ్చి, "మన అబ్బాయిల్ని శుభ్రంగా తోము, చెవుల వెనక కూడా," అంది. పక్కన నిలబడ్డ అమ్మ నవ్వలేదు. అమ్మకి నెస్టా కంటే ముందు ఒక మగపిల్లాడు పుట్టి పదకొండో రోజున పోయాడు. అమ్మ రాయి కేసి చూస్తూ, "మన ఇంట్లో మగపిల్లలు నిలవరు," అంది. అంతే. ఆ ఒక్క మాట పచ్చి చెక్కలో మేకులా దిగిపోయింది. ఆ తర్వాత చెక్క ఎండింది గాని మేకు కదల్లేదు.

నిలవకపోవడానికి కారణం గుండె అని ఎవరు చెప్పారంటే, ఎవరూ చెప్పలేదు. నెస్టాకి పదిహేనేళ్ళప్పుడు పక్క ఊరి కుర్రాడొకడు ఆటస్థలంలో పరిగెత్తుతూ పరిగెత్తుతూ పడిపోయి మళ్ళీ లేవలేదు. వాడి గుండెలో పుట్టుకతోనే లోపం ఉందన్నారు. ఆ మాట తీసుకొచ్చి ఈ రాయికి అతికించుకుంది.

తర్వాత ఆమెకి గెథిన్ పుట్టాడు. ఏటా బడికి చీటీ వెళ్ళేది: ఆటల్లో పెట్టకండి. వేసవిలో పిల్లలంతా వంతెన కింద మడుగులో ఈతలు కొడుతుంటే గెథిన్ ఒడ్డున కూర్చుని అందరి బట్టలకీ కాపలా కాసేవాడు. "మా వాచ్‌మన్" అనేవారు వాణ్ణి. పద్దెనిమిదో ఏట పట్నంలో పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, "గుర్రం గుండెమ్మా వీడిది," అన్నాడు. ఇంటికొచ్చేదాకా నెస్టా ఆ డాక్టరు వయసు ఎంత, అనుభవం ఎంత అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు గెథిన్‌కి నాలుగేళ్ళ కొడుకున్నాడు, మాక్సెన్. కొండకి అవతల సంతపట్నంలో ఉంటారు. కిందటి శరత్కాలంలో వాణ్ణి చిన్నపిల్లల బడిలో దింపడానికి ఒక రోజు నెస్టా వెళ్ళింది. కొడుక్కీ కోడలికీ తెలియకుండా టీచరుని పక్కకి పిలిచి, "వీడికి మా వంశపు గుండె. పరిగెత్తనివ్వకండి," అని చెప్పి వచ్చింది. రెండు నెలలు ఆటల వేళకి మాక్సెన్ ఒక్కడే బల్ల మీద కూర్చుని రంగులు పూసుకున్నాడు. ఒకరోజు స్నానం చేయిస్తుంటే, "నాన్నా, నా గుండె పాడైపోయిందటగా?" అని అడిగాడు.

గెథిన్ ఆ మర్నాడే వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా మీద పెట్టావు, మోశాను. వాడి మీద పెట్టకమ్మా. ఆ ముగ్గురూ ఎవరు, ఎలా పోయారు? రాసి ఉన్న రుజువు ఉంటే తీసుకురా. లేకపోతే మానుకో. అప్పటిదాకా ఫోన్ చెయ్యకు."

చెయ్యకుండా ఉంటుందా. చేసేది. గంట మోగి మోగి, చివరికి సందేశం పెట్టమనే మర గొంతు వచ్చేది. పది వారాలు అలాగే గడిచాయి. మనవడికి జలుబు చేసిందో, కోడలు జారిపడిందో, రోడ్డు మీద ఏమైందో, ఏదీ తెలిసేది కాదు. ఏదీ తెలియకపోతే అన్నీ జరిగినట్టే ఆమెకి.

అందుకని గురువారం గురువారం చాపెల్ పక్క గదికి బయల్దేరడం మొదలుపెట్టింది.

చాపెల్ మూతపడి ఆరేళ్ళయింది. పక్క గది మాత్రం ఊరి చరిత్ర సంఘానికి ఇచ్చారు. సంఘం అంటే కైన్వెన్. ఆమె ముప్ఫై ఏళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచిన మనిషి, నెస్టాతో ఒకే బల్ల మీద చదువుకుంది. ఇప్పుడు ఇనప్పెట్టెలోని చాపెల్ పుస్తకాలూ, పాత జనాభా లెక్కల నకళ్ళూ, ఒక ముసలి కంప్యూటరూ ఆమె సామ్రాజ్యం. గదిలో బూజు వాసన, కిరసనాయిలు వాసన. చలికి కైన్వెన్ వేళ్ళ కొసలు లేని గ్లవుజులు వేసుకుని కూర్చుంది.

"రావే, వాన పడదుగా, గొడుగెందుకు?" అంది.

"పడితే?"

"పడితే తడుస్తావు. ఎవరు కావాలి నీకు?"

"పంతోనెన్ జాన్ డేవిస్."

కైన్వెన్ నవ్వింది. "పొలం పేరు చెప్పావు, బతికించావు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఈ ఊళ్ళో జాన్ డేవిస్‌లు పదకొండుమంది. ఒకడి ప్రేమలేఖ ఇంకొకడికి ఇచ్చి తన్నులు తిన్నంత పనయింది."

మన ఇంటిపేరు మనిషిని అంటిపెట్టుకుని మనిషితోపాటు ఊళ్ళు తిరుగుతుంది. లాన్‌హెడిన్‌లో అలా కాదు. అక్కడ ఇంటిపేరు ఇంటితోనే ఉండిపోతుంది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె పంతోనెన్ నెస్టా. ఇద్వల్‌ని చేసుకుని వెళ్ళిన రోజు నుంచి బ్రిన్‌గ్లాస్ నెస్టా. పొలం ఎవరు దున్నితే వాళ్ళకే ఆ పేరు. అందరికీ తెలిసిన సంగతే. తెలిసిన సంగతి కాబట్టే దాని గురించి ఎవరూ ఆలోచించరు.

కైన్వెన్ పందొమ్మిదివందల ఒకటో సంవత్సరం జనాభా లెక్క తీసింది. పంతోనెన్ వరస మీద వేలు పెట్టింది. జాన్ డేవిస్, రైతు. హన్నా, భార్య. ఈవాన్ పద్నాలుగు, థామస్ పదమూడు, డానియెల్ పన్నెండు. ఒక పనిపిల్ల. అంతే, గీత గీసేశారు.

"మా తాత ఏడీ?" అంది నెస్టా. "అప్పటికి ఆయనకి ఐదేళ్ళుండాలి."

"ఇక్కడ లేడు."

"లేకపోవడం ఏమిటి? ఐదేళ్ళవాడు ఎక్కడికి పోతాడు?"

"ఆ రోజు చుట్టాలింట్లో ఉన్నాడేమో."

నెస్టా మనసు చుట్టాలింటి దగ్గర ఆగలేదు. తాత వాళ్ళ కొడుకే కాదేమో. ఎవరో కని, వదిలేసిపోయిన బిడ్డేమో. అలాగైతే ఆ రక్తంలో ఏమేం ఉందో ఎవరికి తెలుసు? ఒక జబ్బు కోసం వెతుకుతుంటే ఊరూ పేరూ లేని వంద జబ్బులు వచ్చి వాకిట్లో నిలబడ్డాయి. ఇంటికెళ్ళి ఆ మాట చెబితే ఇద్వల్ గొర్రెపిల్లకి పాలసీసా అందిస్తూ, "మొన్నటిదాకా వంశం ఉండి ఏడ్చావు. ఇప్పుడు లేదని ఏడుస్తున్నావు," అన్నాడు. తర్వాత ఆమె మొహం చూసి, "కాస్త పడుకో నెస్టా. పాలిపోయావు," అన్నాడు.

పడుకోలేదు. శనివారం పిన్ని దగ్గరికి వెళ్ళింది.

పిన్ని మోర్విత్‌కి తొంభై ఒకటి. అమ్మకి చెల్లెలు. పంతోనెన్‌లో పుట్టినవాళ్ళలో నెస్టా కాకుండా మిగిలింది ఆవిడొక్కతే. రోడ్డు పక్కన చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటుంది. చెవులు సగం, కళ్ళు ముప్పాతిక పనిచేస్తాయి, నోరు మాత్రం పూర్తిగా. శనివారాలు రగ్బీ ఆట అయ్యేదాకా ఎవరొచ్చినా మాట్లాడదు.

"పిన్నీ, తాత పంతోనెన్‌లోనే పుట్టాడా?"

"ఆ పొట్టివాణ్ణి ఎందుకు పెట్టారో జట్టులో. బంతి పట్టుకోవడం రాదు."

"పిన్నీ, ఆ ముగ్గురబ్బాయిలూ ఎలా పోయారు?"

ఆవిడ చెయ్యి టీవీ మీట దగ్గరికి వెళ్ళింది. దాని గొంతు పెంచింది. అద్దాలు అదిరేటంత పెంచింది. నెస్టా ఆట అయ్యేదాకా కూర్చుంది. అయ్యాక కూడా ఆవిడ ఉలకలేదు, పలకలేదు. వచ్చేటప్పుడు మాత్రం డబ్బాలోంచి నాలుగు ఎండుద్రాక్ష రొట్టెముక్కలు చుట్టి చేతిలో పెట్టింది. "మాక్సెన్‌కి," అంది. మాక్సెన్‌ని చూసి పది వారాలైందని చెప్పలేక నెస్టా ఆ పొట్లం పుచ్చుకుంది. తిరుగు బస్సులో కూర్చుని, ఎవరూ చూడకుండా తనే తినేసింది.

రెండో గురువారం కైన్వెన్ ఆమె రాకముందే చాపెల్ సభ్యుల పుస్తకం తీసి ఉంచింది. తోలు అట్ట, మూలలు ఎలుకలు కొరికేశాయి.

"కూర్చో," అంది. ఈసారి వేళాకోళం లేదు. "చాపెల్ మారితే ఉత్తరం ఉండాలి, గుర్తుందిగా?"

గుర్తులేకపోవడమేం. ఒక చాపెల్ వదిలి ఇంకో చాపెల్‌లో చేరాలంటే ఉత్త చేతులతో వస్తే కుదరదు. ఫలానా మనిషి మా దగ్గర బుద్ధిగా ఉంది, మీరు చేర్చుకోండి అని పాత చాపెల్‌వాళ్ళు ఉత్తరం రాసివ్వాలి. ఇచ్చినవాళ్ళు తమ పుస్తకంలో, పుచ్చుకున్నవాళ్ళు తమ పుస్తకంలో రాసుకుంటారు. అత్తారింటికి వచ్చినప్పుడు నెస్టా కూడా తెచ్చుకుంది.

పందొమ్మిదివందల ఇరవై ఒకటి, అక్టోబరు. కైన్వెన్ వేలు ఒక వరస మీద ఆగింది. 'ఉత్తరం ఇవ్వబడినది: హన్నా డేవిస్, విధవరాలు, పంతోనెన్. స్వాన్సీకి.' దాని కింద వరస. అదే సిరా, అదే చేతిరాత. 'ఉత్తరం పుచ్చుకోబడినది: జాన్ డేవిస్, అతని భార్య లీసా, బ్లేన్‌కుమ్ నుండి. ఇప్పుడు పంతోనెన్.'

నెస్టా రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తుడిచి మూడోసారి చదివింది.

"మీ తాత పంతోనెన్ వాడు కాదే," అంది కైన్వెన్ మెల్లగా. "పంతోనెన్‌కి వచ్చినవాడు. పెళ్ళి చేసుకుని అక్కడే కౌలుకి దిగాడు. పెళ్ళి నమోదు కూడా చూశాను. ఆయన తండ్రి పేరు డేవిడ్, చెప్పులు కుట్టేవాడు. బ్లేన్‌కుమ్ పుస్తకం ఉన్నవాళ్ళకి ఫోన్ చేశాను. ఆ డేవిడ్ తొంభై నిండి పోయాడట. మీ తాత ఎనభై ఒకటికి. ఈ ముగ్గురూ ఎవరో ముందటి జాన్ డేవిస్ పిల్లలు. మీకేం కారు."

మోయలేని మూట దించినవాళ్ళు ఒక్కసారి నిటారుగా లేచి నిలబడతారనుకుంటాం. నిలబడరు, అక్కడే కూలబడతారు. నెస్టాకి అలాగే అయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పుస్తకం మూలలు కొరికిన ఎలుక పళ్ళ గుర్తులు చూస్తూ కూర్చుంది.

"నవ్వవే," అంది కైన్వెన్. "ఇంతకంటే మంచి కబురు నా ఉద్యోగంలో ఎవరికీ అందించలేదు."

"యాభై ఏడేళ్ళు తోమాను ఆ రాయి."

"తోమావు. తళతళలాడుతోంది."

"ఎవరికోసం తోమాను?"

కైన్వెన్ లేచింది. ఆ రెండు వరసలూ నకలు తీసి, మడిచి చేతికిచ్చింది. గుమ్మం దాకా వెళ్ళిన నెస్టా వెనక్కి తిరిగి, "మరి మా అమ్మకి పుట్టినవాడు? పదకొండు రోజులకే పోయాడే?" అంది.

"దేవుడా," అంది కైన్వెన్. "నువ్వు స్వర్గానికెళ్ళినా మెట్లు గట్టివో కావో తొక్కి చూస్తావు. వెళ్ళి మీ పిన్నిని అడుగు. ఈసారి ఆట లేని రోజు చూసుకుని వెళ్ళు."

మర్నాడే వెళ్ళింది. టీవీ ఆపేసి ఉంది. నకలు పిన్ని ఒళ్ళో పెట్టింది. భూతద్దం కూడా చేతికిచ్చింది. ఆవిడ చదివింది. చదవడం అయిపోయాక కూడా భూతద్దం దించలేదు.

"అమ్మమ్మ మన అబ్బాయిలు అని ఎందుకు చెప్పింది పిన్నీ?"

పాలవాడి బండి వచ్చి వెళ్ళింది. నెస్టా లేచి టీ పెట్టుకొచ్చింది. రెండు కప్పులూ చల్లారిపోయాయి. పిన్నికి ఏదైనా అయిందేమోనని, ఊపిరి తీస్తోందో లేదో అని ముందుకి వంగింది.

"బతికే ఉన్నానులే, అలా చూడకు," అంది పిన్ని. "క్షయ."

"ఏమిటి?"

"ముగ్గురికీ క్షయ. ఒకడి తర్వాత ఒకడికి. వాళ్ళమ్మ హన్నాయే సేవ చేసింది ముగ్గురికీ. వాళ్ళ తర్వాత మొగుడు. ఊళ్ళో ఎవరూ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ ఇంట్లోకి ఎవరూ రామంటే మా అమ్మా నాన్నా వచ్చారు. ఇంకెక్కడా చోటు దొరకలేదు వాళ్ళకి." ఆవిడ భూతద్దం ఒళ్ళో పెట్టుకుంది. "మా అమ్మ నెల రోజులు ఆ గోడలకి సున్నం వేసింది. అప్పుడు కడుపుతో ఉంది, మీ అమ్మని మోస్తోంది. ఎంత భయపడి ఉంటుందో చెప్పు. నీకే అనుకున్నావా భయం?"

నెస్టా కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"మేం వెన్న అమ్ముకుని బతికాం. పంతోనెన్ వెన్న అంటే సంతలో పేరు. ఆ ఇంట్లో క్షయతో ముగ్గురు పోయారని కొత్తగా ఎవరికైనా గుర్తు చేశామనుకో, ఆ వెన్న ఎవరు ముట్టుకుంటారు? అందుకని ఎలా పోయారని ఎవరైనా అడిగితే నోరు మూసుకోమంది అమ్మ. నేను మూసుకున్నాను. ఆ తర్వాత తెరవడం అలవాటు తప్పింది."

"మరి మనవాళ్ళని చెప్పడం ఎందుకు?"

"ఆవిడ అడిగింది. సామాను బండి ఎక్కించాక హన్నా ఒక నీలం కూజా, ఒక బ్రష్ అమ్మ చేతిలో పెట్టిందట. 'పొలంతోపాటు ఇవి కూడా. పూల ఆదివారం వాళ్ళ దగ్గర ఎవరూ లేకపోతే అందరూ చూస్తారు,' అందట. అమ్మ పుచ్చుకుంది. ఆవిడ మళ్ళీ రాలేదు. పరాయివాళ్ళ రాయి అంటే పిల్లలు పైపైన తుడిచి పారిపోతారు, మనవాళ్ళంటే చెవుల వెనక కూడా తోముతారు. అదీ అమ్మ లెక్క."

నీలం కూజా. అది ఇప్పుడు నెస్టా ఇంట్లో, వెనక గుమ్మం పక్కన ఉంది. అడుగున ఎనామిల్ ఊడిపోయి తుప్పు పట్టింది. ఏటా దాంతోనే నీళ్ళు మోసింది.

"అమ్మకి పుట్టినవాడో?"

"నలభై ఏడు మార్చి. కిటికీల దాకా మంచు. డాక్టరు బయల్దేరాడు, గుర్రం మీద కూడా రాలేకపోయాడు. పిల్లాడికి ఊపిరి ఆడలేదు. వెచ్చగా ఉంచి, డాక్టరు చెయ్యి పడి ఉంటే బతికేవాడు. మీ అమ్మకి అది తట్టుకోవడం కష్టమై, శాపం అంది. మంచు మీద కోపం ఎన్నాళ్ళు పెట్టుకుంటారు? శాపమైతే పట్టుకు వేళ్ళాడొచ్చు."

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు పిన్నీ? గెథిన్‌ని నేను అలా పెంచుతుంటే చూస్తూ ఊరుకున్నావే."

"నువ్వెప్పుడడిగావు? గుండె గుండె అని బడికి చీటీలు రాశావు, డాక్టర్ల చుట్టూ తిరిగావు. ఇక్కడికొచ్చి, పిన్నీ వాళ్ళెలా పోయారని ఒక్కసారి అడిగావా? అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు. మొన్న అడిగావు. మొన్న నాకు ధైర్యం చాలలేదు." ఆవిడ చల్లారిన టీ తాగింది. "ఇందులో చక్కెర వెయ్యలేదు."

సోమవారం నెస్టా సంతపట్నం బస్సెక్కింది. కొడుకింటికి కాదు. నేరుగా చిన్నపిల్లల బడికి వెళ్ళింది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. తీరా టీచరు ఎదురుగా నిలబడితే అంతా పోయి, "నేను చెప్పింది తప్పమ్మా. వాడి గుండెకి ఏమీ లేదు. ఎవరి గుండెకీ ఏమీ లేదు. నేనే..." అని ఆగిపోయింది. టీచరు చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో. ఎటు చూడాలో తెలియక, "గెథిన్‌గారు జనవరిలోనే వచ్చి చెప్పారండీ. వాడు బాగానే ఆడుతున్నాడు," అంది.

"వాడు చెప్పాడు. ఇప్పుడు నేను కూడా చెప్పాలి కదమ్మా," అంది నెస్టా.

బయటికొస్తుంటే గేటు దగ్గర ఆగింది. మాక్సెన్ ఎర్ర టోపీ పెట్టుకుని ఒక పిల్ల వెనకాల పరిగెత్తుతున్నాడు. నోరు తెరుచుకుని, చేతులు ఎటుపడితే అటు ఊపుతూ పరిగెత్తుతున్నాడు. కాలు తట్టుకుని బోర్లా పడ్డాడు. నెస్టా చెయ్యి గేటు గొళ్ళెం మీదికి వెళ్ళింది, కేక గొంతు దాకా వచ్చింది. గొళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. వాడు లేచి మోకాలు చూసుకున్నాడు. ఉమ్మి రాసుకున్నాడు. మళ్ళీ పరిగెత్తాడు. నెస్టా బస్సు రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఆ నలభై నిమిషాలూ బస్టాండు బల్ల మీద కళ్ళు మూసుకుని కూర్చుంది.

పూల ఆదివారం వచ్చింది. ముందురోజు నుంచీ ఆకాశం తడిగుడ్డలా వేలాడుతోంది. ఇద్వల్ చాపెల్ దాకా కారు నడిపి, ఆపీ ఆపగానే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఈనాల్సిన గొర్రెలు ఇంకా ముప్ఫై మిగిలాయి. శ్మశానంలో అప్పటికే పదిమంది దాకా ఉన్నారు, బకెట్లూ డాఫడిల్ పూలూ పట్టుకుని.

"బ్రిన్‌గ్లాస్ నెస్టా, ఈసారి మానేస్తావనుకున్నానే," అంది కైన్వెన్ తన అత్తగారి రాయి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని. "సంగతి ఊరంతా తెలిసిపోయింది."

"ఊరికి ఎవరు చెప్పారో నాకు తెలుసులే."

కొళాయి దగ్గర నీలం కూజా నింపింది. మూడుసార్లు తిరగాల్సొచ్చింది. చిల్లు పడిన అడుగు దారి పొడుగునా కారుతూనే ఉంది. మోకాలికింద సంచి పరుచుకుని తోమడం మొదలుపెట్టింది. ఈవాన్. థామస్. డానియెల్. పేర్ల గుంటల్లో నాచు పట్టింది, పుల్ల పెట్టి గీకింది. పరాయివాళ్ళని తెలిశాక చెయ్యి తేలిగ్గా కదులుతుందేమో అనుకుంది. కదల్లేదు. నడుము ఎప్పటిలాగే నొప్పి పెట్టింది. ముగ్గురికీ మూడు గుత్తులు పెట్టింది. ఒక గుత్తి మిగిలితే, ఎవరికి పెట్టాలో తెలియక కొంచెంసేపు చేతిలో పట్టుకుని, హన్నా పేరు ఉండాల్సిన చోట, రాతి కింద ఖాళీలో పెట్టింది.

లాన్‌హెడిన్‌లో సెల్‌ఫోన్ పలికే చోటు ఒక్కటే, శ్మశానం పై గోడ దగ్గర. గోడకి ఆనుకుని నిలబడి గెథిన్ నెంబరు నొక్కింది. గంట మోగింది. ఏడోసారి మోగాక మర గొంతు రావాలి. ఆరోసారి తర్వాత చప్పుడు ఆగింది. మర గొంతు రాలేదు. అవతల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ఉంది.

"గెథిన్, నేను," అంది. వెంటనే, పెట్టేస్తాడేమోనన్న భయంతో గబగబా చెప్పేసింది. "కాగితం దొరికింది. వాళ్ళు మనవాళ్ళు కాదు. మనకంటే ముందు ఆ పొలంలో ఉన్నవాళ్ళు. క్షయతో పోయారు. గుండె కాదు. గుండెజబ్బు ఎప్పుడూ లేదు. మా నాన్నమ్మా వాళ్ళ... కాదు, మా తాత నాన్న చెప్పులు కుట్టేవాడట, తొంభై ఏళ్ళు బతికాడు. నకలు తీయించాను. పోస్టులో పంపమంటావా, తీసుకురమ్మంటావా? బడికి వెళ్ళి టీచరుతో కూడా చెప్పాను. నీకు కూడా చెప్పాలి. నీకు నేను..." అక్కడ మాటలైపోయాయి. "నిన్ను ఒడ్డున కూర్చోబెట్టాను," అంది.



కింద ఎవరో కూజా దొర్లించారు. గోడ అవతల గొర్రె ఒకటి పిల్లని పిలిచింది. ఫోన్ తెగిందేమోనని చెవి నుంచి తీసి చూసింది. తెగలేదు, అంకెలు కదులుతున్నాయి. ఒక నిమిషం. నిమిషమున్నర. కళ్ళు తిరిగి పడిపోయాడేమో అనిపించింది. కారు నడుపుతున్నాడేమో, ఎదురుగా లారీ వచ్చిందేమో. 'గెథిన్, ఉన్నావా' అని అరవబోయింది. గేటు గొళ్ళెం గుర్తొచ్చింది. పెదాలు బిగించింది. గోడరాళ్ళ మీది తడి కోటులోంచి వీపుకి తగిలింది. రెండు నిమిషాలు దాటింది.

"నాకు ఇప్పటికీ ఈత రాదమ్మా," అన్నాడు గెథిన్.

నెస్టా కళ్ళు మూసుకుంది.

"మంగళవారాలు మాక్సెన్‌ని ఈత నేర్చుకోవడానికి పంపుతున్నాం. ఇంటివాళ్ళొకరు గట్టు మీద కూర్చోవాలంటున్నారు. నాకు పనుంటుంది, మా ఆవిడకి పనుంటుంది. నువ్వు రాగలవా? వాడి బట్టలు పట్టుకుని కూర్చోవాలి. అరవకూడదు."